కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2025–26

సభ్యులందరికీ నమస్కారం.

ఆనవాయితీ ప్రకారం ముందు పండగల సంగతి రాయాలి. వినాయక చవితి, బతుకమ్మ, జనవరి 26 జెండా వందనం ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు ఆఫీసు బోర్డు మీద ఉన్నాయి. బోరు మోటారు రెండుసార్లు కాలింది, రెండుసార్లూ బాగు చేయించాం. ఇవన్నీ ఏటా రాసే ముక్కలే కాబట్టి ఇక్కడితో ఆపుతాను. ఈసారి కొత్తగా చేసిన పని ఒకటుంది. ఎక్కువ ప్రశ్నలు వచ్చింది దాని ఖర్చు మీదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఏప్రిల్ ఆఖరి శని, ఆదివారాలు. బడులకు సెలవులిచ్చిన కొత్త. పొద్దున వాకింగ్ అయ్యాక పార్కు బెంచీ మీద కూర్చునే నలుగురు స్నేహితులు (పేర్లు వద్దన్నారు, ఏ బెంచీయో అందరికీ తెలుసు) కమిటీ దగ్గరకొచ్చి, “పిల్లల్నీ పెద్దల్నీ రెండు రోజులు బయట తిప్పుతాం, బొమ్మలు వేయిస్తాం, ఖర్చు సంఘం చూసుకోవాలి” అన్నారు. నడివేసవిలో హైదరాబాదులో తిరుగుడేమిటని అడ్డం చెప్పింది నేనే. మినిట్స్‌లో ఉంది, దాచేదేం లేదు.

శనివారం ఖాజాగూడ గుట్టలకు వెళ్లాం. ఐదింటికి రావాల్సిన బస్సు ఆరు దాటాక వచ్చింది. ముందురోజు రాత్రి డ్రైవరుకు ఒక ఫోన్ కొట్టి ఉంటే సరిపోయేది. అది కార్యదర్శి పని, అంటే నాదే. చల్లటి గంట కాస్తా పోయింది, ఎక్కేసరికే వీపు చుర్రుమంది. అక్కడ బండ మీద బండ, దాని మీద మరో బండ, వేలితో తోస్తే దొర్లుతాయేమో అన్నట్టుంటాయి. “వీటిని ఎవరు పేర్చారు?” అని మూడో తరగతి పిల్ల అడిగింది. ఎవరూ పేర్చలేదని, ఒకే పెద్ద బండ ఉన్నచోటే పగిలి, పగుళ్లలోకి నీళ్లు దిగి, మూలలు అరిగి అలా గుండ్రంగా తేలిందని జియాలజీ చదివిన మన సభ్యుడొకాయన చెప్పారు. ఆ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లనగానే ఆ పిల్ల బండను ఒకసారి మెల్లగా తట్టి, తన అరచెయ్యి తిప్పి చూసుకుంది.

అందరికీ అట్టలు, పెన్సిళ్లు పంచాం. బండ గీయడం ఎంతసేపు అనుకున్నాం. నీడ గీసేలోపు నీడ జరిగిపోతోంది. రిటైరైన లెక్కల మాస్టారు అరగంట కూర్చుని ఒకే ఒక్క బండ గీశారు, పక్కన కొలతలతో సహా. ఇడ్లీలు సరిపోయాయి, చట్నీ చాలలేదు.

అసలు సందడి మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో జరిగింది. సిద్దిపేట జిల్లా చేర్యాల నుంచి నకాషీ కళాకారుల దంపతులు వచ్చారు. ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలేసిన పొడవాటి పటాలు వీళ్లవే. ఒకప్పుడు కథ చెప్పేవాళ్లు ఊరూరా ఆ చుట్ట విప్పుతూ, ఒక్కో బొమ్మా చూపిస్తూ కులపురాణాలు చెప్పేవారు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు, బంక కలిపి పూత మీద పూత వేసి ఆరబెట్టడానికే టైం పడుతుంది కాబట్టి, పటం జోలికి వెళ్లకుండా మాచేత మాస్కులు చేయించారు. కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్ద అద్ది ముక్కూ చెవులూ తీర్చాలి.

గింజలు ముందురాత్రే నానబెట్టాం. రుబ్బి, గుండిగలో పోసి, చెయ్యి తీయకుండా కలుపుతూ ఉడికించాలి. మొదటి పావుగంట గరిటె కోసం పోటీ, తర్వాత గరిటె చూస్తే పరుగు. పార్కింగ్ గొడవ తర్వాత ఏడాదిగా పలకరింపుల్లేని ఇద్దరు ఆడవాళ్లు చివరికి పొయ్యి దగ్గర మిగిలారు. “మంట తగ్గించు వదినా,” “నువ్వు ముందు అడుగు కలుపమ్మా” అంటూ ఉండగానే అడుగంటనే అంటింది. ఏదో కాలుతోందని మూడో అంతస్తు నుంచి ఫోన్! లెక్కల్లో “ఇత్తడి గుండిగ తోమకం, కళాయి” అని కనిపించే పద్దు అదే. ఆ ఇద్దరి సయోధ్యకు కళాయి ఖర్చు ఎక్కువేం కాదని కోశాధికారి అభిప్రాయం.

చేర్యాల ఆవిడ చేతిలో రెండు నొక్కులకు కళ్లు, ఒక చిటికెకు ముక్కు వచ్చేసేవి. మా ముక్కులు జారి గడ్డాల దగ్గర ఆగాయి. అన్నీ డాబా మీద పరిచాం. ఎండ మనకు చేసిన మేలేదైనా ఉంటే అదే. మర్నాడు సాయంత్రానికి రంగులకు సిద్ధమయ్యాయి.

ఆదివారం పొద్దున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరకు వెళ్లాం. గింజల తర్వాత చెట్టు అనుకోకుండా కుదిరింది. ముందే ప్లాన్ చేశామని బెంచీ మిత్రులు చెబుతారు, నమ్మకండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది ఈ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్ సాగర్ (మనం గండిపేట అనేది), 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు తాగి పెరిగాం అని గొప్పగా చెప్పుకునే మా తరం వాళ్లం ఆ కొమ్మల కింద కాసేపు మాట్లాడలేదు.

మూసీ దాటి సాలార్‌జంగ్ మ్యూజియంకు చేరేసరికి గడియారం గంట కొట్టడం రెండు నిమిషాల తేడాతో తప్పిపోయింది. పెద్దలు వెళ్దామన్నారు, పిల్లలు మేం కదలం అన్నారు. ఈలోపు బెంజోని చెక్కిన ‘ముసుగులో రెబెకా’ దగ్గరకు తీసుకెళ్లాం. పాలరాతిలో పల్చటి ముసుగు ఎలా వచ్చిందని వెనక్కి వెళ్లి మరీ చూశారు. 12 గంటలకు గడియారంలోంచి గడ్డపు మనిషి బయటికొచ్చి కొట్టడం మొదలుపెట్టగానే గట్టిగా లెక్కపెట్టింది మాత్రం వెళ్దామన్న పెద్దలే.

ఇక ఖర్చు. బస్సు, టిఫిన్లు, కళాకారుల పారితోషికం సంఘం భరించింది. పూర్తి లెక్క జతచేశాం. ఈ డబ్బుతో జిమ్‌కు ఇంకో సైకిల్ వచ్చేదని కొందరు రాశారు. నిజమే, వచ్చేది. ఉన్న సైకిల్ మీద ప్రస్తుతం తువ్వాళ్లు ఆరుతున్నాయి.

ఒక పొరపాటు మాత్రం ఒప్పుకోవాలి. వాచ్‌మన్ కూతురు రెండు రోజులూ డాబా మీద కాకులు రాకుండా మాస్కులకు కాపలా కాసింది. నువ్వూ ఒకటి చేసుకోమ్మా అని మాలో ఒక్కరికీ తోచలేదు. వచ్చే ఏప్రిల్లో కాలనీలో పనిచేసే వాళ్ల పిల్లలందరినీ పిలవాలని కమిటీ తీర్మానించింది. బస్సుకు ముందురోజు రాత్రే ఫోన్ చేసే పని వేరేవాళ్లకు అప్పగించారు.

మూడు మాస్కులు ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. ఒకదానికి మీసాలున్నాయి, ఒకదానికి ఒకే చెవి, మూడోది ఏమిటో చెప్పడం కష్టం. సర్వసభ్య సమావేశం రోజున ఎవరివి వారు పట్టుకెళ్లగలరు.

కార్యదర్శి