‘రిమోట్’ అంటే రెండడుగులా, ఎనిమిది వందల అడుగులా?

సంపాదకులు గారికి నమస్కారం.

2023 మార్చి 15 నుంచి 2024 మార్చి 14 వరకు, ఒక్క ఏడాదిలో, మన దేశంలో లక్షకు పైగా పేటెంట్లు ఇచ్చారు. పేటెంట్ల మీద ఎవరు మాట్లాడినా ముందు ఈ లెక్కే చెబుతున్నారు. సంతోషమే. ఆ కాగితాల్లో రాసిన మాటలకు అర్థమేమిటని అడిగేవాళ్లు ఎంతమంది ఉన్నారో మాత్రం నాకు అనుమానం. నాకెందుకీ గొడవ అంటారేమో, చెబుతాను.

నాకు చర్లపల్లిలో చిన్న షెడ్డు ఉంది. నలుగురు పనివాళ్లు. పదిహేనేళ్లకు పైగా బోరు కెమెరాలు తయారు చేస్తున్నాను. రైతు ఆరేడు వందల అడుగులు బోరు వేయించాక నీళ్లు తగ్గితే ఊట ఏ అడుగులో ఉందో, కేసింగ్ ఎక్కడ పగిలిందో, తెగిపడిన మోటారు ఎక్కడ ఇరుక్కుందో చూడటానికి లోపలికి దించే గొట్టం అది. ముందు గట్టి గాజు, దాని చుట్టూ ఎల్‌ఈడీలు, వెనక కేబుల్, కేబుల్ మీద పదడుగులకొక గుర్తు. లోపల చెమ్మ పట్టకుండా సిలికా జెల్ పొట్లం పెడతాం, కొత్త చెప్పుల డబ్బాలో వస్తుందే, అదే. పైన ట్రాలీ ఆటోలో చిన్న టీవీ పెడితే, దాని చుట్టూ సగం ఊరు మూగుతుంది.

నా సెట్టులో సెన్సార్, అంటే వెలుతురును పట్టే చిప్పు, గాజు వెనకే ఉంటుంది. బొటనవేలి గోరంత. ఆ సిగ్నల్‌ని బొమ్మగా మార్చే బోర్డును మాత్రం దాని పక్కన పెట్టను. ఎల్‌ఈడీల వేడి, బోర్డు వేడి ఒక్కచోట చేరితే సెన్సార్ కాగి, చీకట్లో బొమ్మ మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు లేస్తాయి. రెండు మూడు సెట్లు అలా పాడుచేసుకున్నాకే తెలిసింది. అప్పటి నుంచి బోర్డును గొట్టం లోపలే రెండడుగులు వెనక్కి జరిపాను. అక్కడి నుంచి ఎనిమిది వందల అడుగుల కేబుల్ మీదుగా బొమ్మ పైనున్న రికార్డరుకు వస్తుంది.

నిరుడు ఒక కంపెనీ తరఫున నోటీసు వచ్చింది. కంపెనీ పేరు రాయను, వ్యవహారం ఇంకా నడుస్తోంది. నా కెమెరా వాళ్ల హక్కుల్లోకి వస్తుందట, తయారీ ఆపాలట. నోటీసులో రెండు నంబర్లున్నాయి. ఒకటి వచ్చిన పేటెంట్. రెండోది ఇంకా పరిశీలనలో ఉన్న దరఖాస్తు, మొదటిదాని నుంచి విడదీసి వేసిన ‘డివిజనల్’.

మా అమ్మాయి రెండింటినీ ప్రింటు తీసి తెచ్చింది. షెడ్డులో నేల మీద పక్కపక్కన పరిచి, స్కెచ్ పెన్నులు పట్టుకుని కూర్చున్నాం. ఒకే వస్తువుకు రెండు కాగితాల మీదా ఒకే రంగు వేస్తూ పోయాం. బొమ్మలు ఒక్కటే. స్కాన్ చేసినప్పుడు మూలన పడిన మరక కూడా రెండింట్లో ఒకే చోట ఉంది. మారింది అంకెలూ మాటలూ. మొదటిదాంట్లో 104 అని గుర్తు పెట్టిన డబ్బా ‘ఇమేజింగ్ మాడ్యూల్’. రెండోదాంట్లో అదే డబ్బా 212, దాని పేరు ‘ఆప్టికల్ సెన్సింగ్ అసెంబ్లీ’. మొదటిదాంట్లో ప్రాసెసింగ్ యూనిట్ దానికి ‘రిమోట్’గా, అంటే దూరంగా ఉంటుంది. రెండోదాంట్లో అదే యూనిట్ పేరు ‘సిగ్నల్ కండిషనింగ్ మీన్స్’, అది దానికి ‘స్పేస్డ్ అపార్ట్’గా, అంటే ఎడంగా ఉంటుంది. సాయంత్రానికి రెండు కాగితాల మీదా అవే రంగులు అదే వరుసలో కనిపించాయి. అమ్మాయి ఫోటో తీసి పెట్టుకుంది.

వకీలు గారి దగ్గరికి టేపు పట్టుకునే వెళ్లాను. “సార్, ఈ రిమోట్ అంటే ఎంత? గొట్టంలో నా బోర్డు రెండడుగుల దూరంలో ఉంది, రికార్డరు ఎనిమిది వందల అడుగుల దూరంలో ఉంది. వీళ్లు దేన్ని అంటున్నారు?” అని అడిగాను. ఆయన ఇరవై నిమిషాలు చదివి, “రెండూ అనొచ్చండీ” అన్నారు. “మరి స్పేస్డ్ అపార్ట్?” అంటే, “అది ఇంకా దగ్గరైనా అనొచ్చు” అన్నారు. దూరంగా పెడితే మొదటిదాంట్లో, దగ్గరగా పెడితే రెండోదాంట్లో చిక్కాలన్నమాట. ఆ మాట ఎంత దూరమో ఆ అరవై పేజీల్లో ఎక్కడా లేదు.

పొలం రిజిస్ట్రేషన్ కాగితంలో ‘తూర్పున వేపచెట్టు వరకు’ అని రాసి, ఊళ్లో వేపచెట్లు పది ఉంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పైగా ఆ పొలానికే రెండు పాసుపుస్తకాలు.

చట్టం లేదా అంటే ఉంది. పేటెంట్ల చట్టం 1970లో సెక్షన్ 10(5) క్లెయిములు, అంటే ఇంతవరకు నా హక్కు అని హద్దు చెప్పే వాక్యాలు, స్పష్టంగా, క్లుప్తంగా ఉండాలంటుంది. సెక్షన్ 46(2) ఒక పేటెంట్ ఒక్క ఆవిష్కరణకే అంటుంది. విడదీసి వేసుకోవడానికి సెక్షన్ 16 దారి ఇస్తుంది. ఒకే దరఖాస్తులో నిజంగా రెండు ఆవిష్కరణలుంటే విడదీయమని దరఖాస్తును పరిశీలించే ఎగ్జామినరే చెబుతారు, అందులో తప్పేమీ లేదు. కానీ ఒకదాంట్లో అడిగింది రెండోదాంట్లో మళ్లీ అడగకూడదనే షరతు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. నాకు అర్థమైనంతలో చిక్కంతా ఇక్కడే. ‘మాడ్యూల్’ను ‘అసెంబ్లీ’ అన్నాక, మాటల్ని మాటలతో పోల్చి చూస్తే రెండూ వేరుగానే కనబడతాయి. బొమ్మ మీద వేలు పెట్టి చూస్తేనే ఒకటని తెలుస్తుంది.

ఇలాంటిదే అమెరికాలో పెద్ద కేసైంది, అదీ కెమెరాల మీదే. సెలెక్ట్ అనే కంపెనీకి చిన్న ఇమేజ్ సెన్సార్ల మీద నాలుగు పేటెంట్లు ఉండేవి. కెమెరా తల చిన్నదయ్యేలా సెన్సార్ పనిని, దాని సర్క్యూట్‌ను విడదీసి అమర్చే పద్ధతులు. నాలుగూ ఒకే మూల దరఖాస్తు సంతానం. అక్కడ పేటెంట్ ఆఫీసు ఆలస్యం చేస్తే ఆ రోజుల్ని గడువుకు కలుపుతారు. ఆ అదనపు రోజులే లేకపోతే అన్నీ ఒకే రోజు ముగిసేవి. శాంసంగ్ మీద దావా వేస్తే, శాంసంగ్ వాటిని మళ్లీ పరిశీలించమని పేటెంట్ ఆఫీసును కోరింది. అవి ఒకదానికొకటి స్పష్టమైన తేడా లేని దాయాదులేనని, అందుకే వాటి క్లెయిములు చెల్లవని తేలింది. 2023 ఆగస్టులో, పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు దాన్నే ఖాయం చేసింది, 2024 అక్టోబరులో అక్కడి సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. రెండోదాని గడువు మొదటిదానితోనే ముగుస్తుందని, రెండూ ఒకరి చేతిలోనే ఉంటాయని ముందే రాసిస్తే అక్కడ బయటపడొచ్చు. గడువులు తీరిపోయాక ఇక రాసివ్వడానికి వీల్లేకపోయింది.

ఒకే ఆవిష్కరణకు రెండో పేటెంట్ చెల్లదన్న ఆ వాదన అన్నిచోట్లా నెగ్గదని కూడా చెప్పాలి. మన హైదరాబాద్ ఎంఎస్‌ఎన్ ల్యాబ్స్ ఒక మందు విషయంలో దాన్నే ఎత్తుకుంటే, 2024 ఆగస్టులో అదే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఒప్పుకోలేదు. ముందు వేసి, ముందు వచ్చిన పేటెంట్‌ను తర్వాత పుట్టిన తోబుట్టువులు పడగొట్టలేవంది. మన దగ్గర ఢిల్లీ హైకోర్టు 2021 జులైలో మధుమేహం మందు డపాగ్లిఫ్లోజిన్ కేసులో ఒక ఆవిష్కరణకు ఒకే పేటెంట్ అని గట్టిగానే చెప్పింది. మందుల కంపెనీలకు ఇవన్నీ చూసుకునే వకీళ్లుంటారు. బోరు కెమెరాలవాడికెవరున్నారు?

మన దగ్గర డివిజనల్ గడువు కూడా మూల దరఖాస్తు తేదీ నుంచే ఇరవై ఏళ్లు, అదనంగా ఒక్క రోజు రాదు, మరి నీకు నష్టమేమిటని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. నష్టం గడువులో లేదు. మొదటి పేటెంట్ మీద అభ్యంతరం చెప్పడానికి, మంజూరు ప్రకటించిన నాటి నుంచి ఏడాదే టైము. అది నోటీసు రావడానికి రెండు నెలల ముందే అయిపోయింది. ఇక దాన్ని రద్దు చేయించాలంటే హైకోర్టే. రెండోదాని మీద మంజూరుకు ముందు ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు. అంటే ఒకే గొట్టం కోసం రెండు చోట్ల పోరాటం, రెండు ఫీజులు. ఒకటి పడిపోయినా రెండోది నిలబడుతుంది. రాని పేటెంట్ మీద వాళ్లు దావా వేయలేరు నిజమే, కానీ వచ్చిందంటే ప్రచురణ తేదీ నుంచే నష్టం అడుగుతారు. ఈ టెన్షన్‌లో కర్నూలు వైపు నుంచి వచ్చిన ఆరు సెట్ల ఆర్డరు వదులుకున్నాను.

పెద్ద మాట వాడటమే తప్పని నేననను. కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో తీసుకున్న పేటెంట్ ఉంది. ఈ రోజు మన ఫోన్ కెమెరాల్లో దాదాపు అన్నింటిలోనూ ఉన్న రంగుల గళ్లు ఆయనవే. సగం గళ్లు ఆకుపచ్చ, మిగతా సగంలో ఎరుపు, నీలం. ఆయన మొదటి క్లెయిములో ఆకుపచ్చ అని రాయలేదు, వెలుతురును పసిగట్టే గళ్లు అని విశాలంగానే రాశారు. కానీ లోపల వివరణలో అది ఆకుపచ్చ ఎందుకైందో, మనిషి కన్ను ఏ రంగులో వివరాన్ని బాగా చూస్తుందో విప్పి చెప్పారు. బొమ్మలో గళ్లు గీసి చూపించారు. డిప్లొమా చదివిన నాలాంటివాడికి కూడా హద్దు ఎక్కడుందో తెలుస్తుంది. దాని గడువు ఎప్పుడో ముగిసింది, ఇప్పుడు అందరిదీ.

ఇప్పటి దరఖాస్తుల్లో ‘పిక్సెల్’ అన్న మాటకే దిక్కు లేదు. సెన్సార్ మీద ఒక్కో గడీ పిక్సెలే, టీవీ తెర మీద మూడు రంగులు కలిసిన చుక్కా పిక్సెలే. ఇది అమ్మకాల్లోనూ ఉన్న తమాషాయే. మూడు పొరల ఫోవియాన్ సెన్సార్ ఉన్న సిగ్మా కెమెరాలను పొరపొరకీ లెక్కగట్టి మూడింతల మెగాపిక్సెళ్లుగా అమ్మారు. కొనేవాడికైతే పోయేది నాలుగు డబ్బులు. క్లెయిములో అదే మాట ఏమిటో తేల్చకుండా రాస్తే ఇంకొకడి షెడ్డుకు తాళం పడుతుంది.

మన రెండు రాష్ట్రాల దరఖాస్తులూ చెన్నై ఆఫీసుకే వెళ్తాయి. అక్కడివారికి, ఢిల్లీలో నిబంధనలు రాసేవారికి నా మనవి ఒక్కటే. డివిజనల్ వేసేవాళ్ల చేత ఒక పేజీ అదనంగా రాయించండి. మూల దరఖాస్తులో 104 ఇక్కడ ఎంత, అక్కడి ‘రిమోట్’ ఇక్కడ ఏ మాట, తేడా ఉంటే ఎన్ని అంగుళాలు. తేడా రాయలేకపోతే అక్కడే తెలిసిపోతుంది. దరఖాస్తు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో తప్ప తెలుగులో వేయడానికి లేదు, సరే. ఈ ఒక్క పేజీని ఏ భాషవాడైనా అంకెలు చూసి చదువుకుంటాడు.

నా వైపు తప్పు కూడా చెప్పాలి. వాళ్లు దరఖాస్తు వేయకముందే, 2014లోనే, బోర్డు వెనక్కి జరిపిన సెట్టు ఒకటి దేవరకొండ దగ్గర ఒకాయనకు అమ్మాను. మన దేశంలో ముందే బహిరంగంగా వాడుకలో ఉందని రుజువైతే అది గట్టి అభ్యంతరం. సంబరంగా ఆ బిల్లు వెతికి వకీలు గారి ముందు పెట్టాను. అందులో నా చేతిరాతతో ‘బోరు కెమెరా కంప్లీట్ సెట్టు, 1’ అని ఉంది. ఆయన కళ్లద్దాలు తీసి, “ఇందులో బోర్డు ఎక్కడుందండీ?” అన్నారు.

ఆ సెట్టును దేవరకొండ ఆయన ఎప్పుడో కదిరి వైపు అమ్మేశాడట. కొన్నవాళ్ల ఊరు తెలిసింది. గొట్టం పాతదే ఉందని, గాజు మాత్రం మార్చారని ఫోన్‌లో చెప్పారు. వచ్చే బుధవారం అమ్మాయినీ, టేపునూ తీసుకుని వెళుతున్నాను.

ఇట్లు,
ఒక బోరు కెమెరాల తయారీదారు,
చర్లపల్లి, హైదరాబాద్
(వ్యవహారం నడుస్తున్నందున పేరు వేయవద్దని మనవి)