తలకోన అడవి నడక: తల్లిదండ్రులకు ఫిబ్రవరి లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

ఏడో తరగతి పిల్లల్ని ఈ నెలాఖరులో తలకోన తీసుకెళ్తున్నామని చెప్పగానే కొందరు ఫోన్ చేశారు. "మొన్న వానల్లో మేమే చూపించాం కదా సార్, మళ్లీ దేనికి?" అని. 270 అడుగుల జలపాతం మీరు చూపించే ఉంటారు, కాదనను. ఈ నెలలో అందులో నీళ్లు కూడా పలచబడతాయి. మేం వెళ్లేది చుట్టూ ఉన్న అడవి కోసం.

తలకోన ఉన్న శేషాచలం కొండల్లో 353 చదరపు కిలోమీటర్ల మేర 1989లోనే శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు అయింది. 2010లో ఈ కొండలను బయోస్ఫియర్ రిజర్వ్‌గా (జీవావరణ రక్షిత ప్రాంతంగా) కూడా ప్రకటించారు. ఇంత పక్కనే ఉన్నా, ఎర్రచందనం అంటే మన పిల్లలకు పేపర్లో వచ్చే స్మగ్లర్ల వార్తే. చెట్టు చూపిస్తే గుర్తుపట్టేవాళ్లు తక్కువ. మొసలి వీపులా పగుళ్లు దేరిన నల్లటి బెరడు, కాడకు మూడేసి ఆకులు, చుట్టూ పల్చటి రెక్క ఉన్న గుండ్రటి కాయ చూస్తే ఇక మర్చిపోరు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప అది సహజంగా ఇంకెక్కడా పెరగదు. ఈత మొక్క అనుకుని మనం దాటిపోయే పేరీత కూడా ఈ చుట్టుపక్కల కొండలదే. దానికసలు పూలే పూయవు.

పూలకైతే ఇదే అదను. ఆకు రాల్చి మోడులైన మోదుగ, కొండగోగు ఇప్పుడే విరబూస్తాయి. మోదుగ మొగ్గ తొడిమ మీద నల్లటి నూగు ఉంటుంది, వేలితో తాకితే మెత్తగా తగులుతుంది. రాలిన పూలనే తాకనిస్తాం, కోయనివ్వం. చిక్కుడు కుటుంబానికి చెందిన పెద్ద అడవి తీగ గిల్లతీగ దగ్గర కాసేపు ఆగుతాం. దాని కాయ మీటరు దాకా పొడవుంటుంది!

బంగారు బల్లి పగలు బండ సందుల్లో దాక్కుంటుంది. అది కనిపించకపోయినా రాతికి అతికించిన గుడ్లు కనిపించొచ్చు. ఈ బల్లులు చాలా కలిసి ఒకే చోట గుడ్లు పెడతాయి. దేవాంగపిల్లి (పేరుకే పిల్లి, పెద్ద కళ్ల చిన్న వానర జాతి జంతువు) రాత్రి తిరిగేది, దాని మీద ఆశ పెట్టుకోవద్దని పిల్లలకు ముందే చెప్పాను.

బూట్లు, టోపీ, స్టీలు సీసాలో నీళ్లు తప్పనిసరి. పులిహోరో పెరుగన్నమో డబ్బాలో పెట్టండి, చిప్స్ ప్యాకెట్లు వద్దు. కోతులు కవర్ చప్పుడుకే మీద పడతాయి. ఆ అలవాటు వాటికి చేసింది మనమే. పాముల గురించి టెన్షన్ పడకండి, గైడ్ వెంట ఉంటారు, పిల్లలు దారి దిగరు.

సమ్మతి పత్రం శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు అందాలి. ఉబ్బసం, అలర్జీ ఉన్న పిల్లల మందుల వివరాలు దాని వెనుక రాయండి.

మీ
ప్రధానోపాధ్యాయుడు