ధరల సవరణ, దాని మీద దిద్దిన సున్న

మా సెలూనుకు వచ్చే పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

గత నెల కడపలోని మన దుకాణంలో అద్దం పక్కన 'ధరల సవరణ' అని ఒక కాగితం అంటించాను. కటింగ్ 120 రూపాయల నుంచి 150 రూపాయలైందని అందులో రాశాను. అద్దె, కరెంటు, బ్లేడ్లు, పనిచేసే ఇద్దరి కూలి అన్నీ పెరిగినందువల్ల ఆ పెంపు తప్పలేదు. మూడో రోజు ఉదయం చూస్తే, ఎవరో పెన్సిలుతో 'ణ' కొట్టేసి, 'ర' పక్కన చక్కగా ఒక సున్న చుట్టారు. 'ధరల సవరణ' కాస్తా 'ధరల సవరం' అయింది.

మొదట నొచ్చుకున్నాను. తర్వాత ఆ మాట నన్ను వదల్లేదు. సవరణ అంటే సరిచేయడం. సవరం అంటే పొట్టి జడ పొడుగ్గా కనిపించడానికి కలిపి అల్లే జుట్టు. ధర పెంచానని నేరుగా చెప్పకుండా 'సవరణ' అనే మర్యాద మాట చాటున నేను దాక్కుంటే, ఒక్క సున్నతో ఆ రాసినవారు అసలు సంగతిని బయటపెట్టారు. పైగా వారు ఎంచుకున్నది మా వృత్తికి చెందిన మాటే.

సెలూను ఖర్చు మీద వేసే హాస్యం మన భాషలో ఇంత సులువుగా పండటానికి కారణం ఇదేనని నా నమ్మకం. డబ్బు పోగొట్టుకున్నవాడు 'క్షవరమైంది' అంటాడు, మోసపోయినవాడు 'గుండు కొట్టారు' అంటాడు. పొదుపు చేయదలచిన ప్రభుత్వం 'ఖర్చులకు కత్తెర' వేస్తుంది. మన దగ్గర ఆ కత్తెరే ఖర్చు. మిగతా వ్యాపారాల మీద హాస్యమాడేవారు రెండు అర్థాలను వెతికి ముడివేయాలి, మా కుర్చీలో కూర్చున్నవారికి ఆ ముడి ముందే వేసి ఉంటుంది. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఉచితంగా తీస్తారు కాబట్టి, దేవుని గడప ఉన్న ఈ ఊరిలో "కొండమీద ఉచితంగా గుండు, కిందికొస్తే డబ్బు పెట్టి గుండు" అనే మాట వినని వారం ఉండదు.

బడిలో శ్లేషాలంకారానికి 'మానవ జీవనం సుకుమారం' అనే ఉదాహరణ చదివాం; 'మానవ' అని కలిపి చదివితే మనిషి బతుకు, 'మా నవ' అని విడదీస్తే మా కొత్త బతుకు. అదే పద్ధతిలో మన దుకాణానికి వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు 150 రూపాయలు ఇస్తూ, "నాయనా, ఇది మా ఇంటి తలసరి ఖర్చు" అన్నారు. తలకు ఇంత చొప్పున అనీ, తల సరి చేసినందుకు అనీ రెండూ అందులో ఉన్నాయి. నేను విన్నవాటిలో ఇంత పొందికైనది మరొకటి లేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే ఒక అబ్బాయి, అక్కడి బిల్లులో 18 శాతం జీఎస్టీ చూసి, "జుట్టు తీయించుకుందామని కూచుంటే పన్ను గూడా పీకినారన్నా" అన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్ సేవలపై ఆ పన్ను 5 శాతానికి తగ్గింది. ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు రాబడి ఉన్న మనవంటి దుకాణానికి నమోదు అవసరం లేదు కనుక మన చీటీలో పన్ను ఉండదు.

ఇక నేను తప్పక చెప్పుకోవలసిన విషయం ఉంది. రెండు నెలల కిందట ఒక పెద్దాయన కటింగుకు వచ్చారు. మా కుర్రవాడు ధర చెప్పకుండానే తలకు రంగు వేసి, మసాజ్ చేశాడు. చీటీ 380 రూపాయలైంది. ఆయన డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, "రెండు క్షవరాలు చేసినారే, తలకొకటి, జేబుకొకటి" అన్నారు. అందరం నవ్వాం, ఆయన కూడా నవ్వారు. ఆ తర్వాత ఆయన మళ్లీ రాలేదు. శ్లేషలో రెండు అర్థాలూ నిజమైతే అది ఫిర్యాదే. తగవు పెట్టుకోవడం ఇష్టంలేని మనిషి దానిని నవ్వులో చుట్టి ఇచ్చాడు, నేను నవ్వును మాత్రమే తీసుకున్నాను.

అందువల్ల ఈ సోమవారం నుంచి రంగు, మసాజ్, ఫేషియల్ వంటివి ఏవైనా ధర చెప్పి, మీరు సరే అన్న తర్వాతే మొదలుపెడతాం. అన్ని ధరలూ కుర్చీలో కూర్చున్నవారికి కనిపించేంత పెద్ద అక్షరాలతో రాయించాను. చెప్పకుండా చేసిన పనికి డబ్బు తీసుకోం. 'ధరల సవరణ' అన్న చోట 'ధరల పెంపు' అని రాశాను. పెన్సిలును దారంతో అక్కడే కట్టాను, రాయదలచినవారు రాయవచ్చు. పనిచేసేవారి పుట్టుకను, కులాన్ని లాగే రాతలను మాత్రం తుడిచేస్తాను. వాటిలో రెండో అర్థం ఏమీ ఉండదు.

ఆ పెద్దాయనకు తిరిగి ఇవ్వవలసిన 260 రూపాయలను ఒక కవరులో పెట్టి గల్లాపెట్టెలో విడిగా ఉంచాను. ఆయన మీకు తెలిసినవారైతే దయచేసి ఈ మాట చేరవేయండి.