ఇటలీలో నీ కడుపుకి పడేవి, పడనివి

నెల్లూరు

ఒరేయ్ శీనా,

మిలాన్‌లో పని అనగానే సంతోషం కన్నా ముందు చీజ్ గుర్తొచ్చి దిగులు పట్టుకున్నట్టుంది నీకు. గ్లాసెడు పాలు తాగితే కడుపుబ్బరం, గుడగుడ, ఆనక పరుగు. పెరుగన్నం మాత్రం హాయిగా అరుగుద్ది. అంటే నీకు పడనిది పాడి కాదురా, అందులోని లాక్టోజ్ అనే చక్కెర. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ నీ చిన్నపేగులో తక్కువ. అరగని చక్కెర పెద్దపేగులోకి పోయి నీళ్లు లాగుద్ది, అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తాయి. పెరుగులో ఆ చక్కెర కొంత తోడుకునేటప్పుడే ఖర్చయిపోద్ది.

ఇటలీలో కూడా చూడాల్సింది ఇదే: చక్కెర యాడికి పోయింది? చీజ్ చేసేటప్పుడు పాలు విరిగితే లాక్టోజ్‌లో ఎక్కువ భాగం విరుగుడు నీళ్లతోనే పోద్ది. గడ్డలో మిగిలింది బాక్టీరియా తినేస్తాయి. అందుకని కనీసం 12 నెలలు మాగే పార్మిజానో రెజ్జానో, 9 నెలలు మాగే గ్రానా పదానో చీజ్‌లు నువ్వు నిక్షేపంగా తినొచ్చు. తులసి జాతి ఆకులు, ఇట్టాంటి చీజ్ కలిపి నూరే పెస్తో పచ్చడి కూడా మామూలుగా అంతే. రికొత్తా అనే మెత్తటి చీజ్ సంగతి వేరు. అది ఆ విరుగుడు నీళ్లనే మళ్లీ కాచి తీసేది, 100 గ్రాముల్లో 3, 4 గ్రాముల లాక్టోజ్ ఉంటది. చూసేదానికి మన పనీర్‌లా తెల్లగా, అమాయకంగా ఉంటది, మోసపోవాకు. తిరమిసు అనే స్వీటులో వేసే మస్కర్‌పోనే చీజ్, మీగడ నింపిన బుర్రాతా చీజ్, పాస్తా పొరల మధ్య పాలసాస్ పోసే లజాన్యా, మీగడతో చేసే పన్నా కొత్తా స్వీటు కూడా ఇదే బాపతు.

నీలాంటోళ్లలో చాలామంది ఒక్కసారికి 12 గ్రాముల దాకా తట్టుకుంటారు, అంటే సుమారు 250 మిల్లీలీటర్ల పాలు. ఉత్త కడుపున కాకుండా తిండితో పాటైతే ఇంకా నయం. కపుచ్చినో ఒకటి తాగితే 5, 6 గ్రాములు. దాని మీద జెలాటో అనే వాళ్ల ఐస్‌క్రీమ్, రాత్రికి లజాన్యా అంటే మాత్రం నీ ఖర్మ. అన్నీ ఒకే పూట పెట్టుకోవాకు. జెలాటో కొట్లో పండ్ల సొర్బెత్తో మామూలుగా నీళ్లతోనే చేస్తారు. అయినా ఒక మాట అడుగు.

లాక్టేజ్ బిళ్లలు అక్కడి మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. మొదటి ముద్దతోనే వేసుకోవాలి, బాధ మొదలయ్యాక వేసుకుంటే దండగ. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: వాళ్ల భోజనం గంటలకొద్దీ సాగుద్ది, మొదట వేసుకున్న బిళ్ల ముప్పావుగంటకే నీరసపడిపోద్ది, తీరా పాల స్వీటు ఆఖర్న వస్తది. దానికి ఇంకో బిళ్ల దాచుకో. వేడి కాఫీలో మాత్రం కలపొద్దు, వేడికి ఎంజైమ్ చచ్చిపోద్ది.

హోటల్లో 'ఇంతొల్లెరాంతె అల్ లత్తోజియో' అని చెప్పు, లాక్టోజ్ పడదని అర్థం. పాల అలర్జీ అని చెప్పావనుకో, నువ్వు తినగలిగే పార్మిజానో కూడా తీసేస్తారు. నిజంగా అలర్జీ ఉన్నోళ్లకి ఆ చీజ్ ప్రమాదమే, వాళ్లకి పడనిది పాల ప్రొటీన్. యూరప్‌లో పాలు కలిపితే ప్యాకెట్ మీద కొట్టొచ్చినట్టు వేయాలని రూలుంది. 'లత్తె' (latte, పాలు), 'సియెరో ది లత్తె' (siero di latte, విరుగుడు నీళ్లు) అనే మాటలు వెతుకు. ఉడికించిన హామ్, సాసేజ్‌లలో కూడా పాలపొడి దూరి ఉంటది. 'సెంజా లత్తోజియో' (senza lattosio, లాక్టోజ్ లేనిది) అని ఉంటే కళ్లు మూసుకుని కొనెయ్.

నెల్లూరోడివి కాబట్టి నీకు అసలైన సుఖం చేపల పేజీలోనే. ఆల్చిప్పల స్పగెట్టిలో వెల్లుల్లి, ఆలివ్ నూనే గానీ చీజ్ ఉండదు. చేపల పాస్తా మీద చీజ్ చల్లితే వాళ్లకి మహాపాపం. పిజ్జాలో మరినారా అడుగు, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో అంతే. కార్బొనారా పాస్తా పద్ధతిగా చేస్తే గుడ్డు, మాగిన పెకొరీనో చీజ్, పంది మాంసం, అంతే, మీగడ వెయ్యరు. టూరిస్టుల హోటళ్లలో మీగడ పోసేస్తారు, అడిగి తిను.

బిళ్లల డబ్బా పెద్ద పెట్టెలో పడెయ్యొద్దు, జేబులో పెట్టుకో. విమానంలోనే పాల స్వీటు పెడతారు.

నీ
రమణ