గ్లౌజులు పంపినవారికి, గోల్ ముందు నిలబడటం నేర్పినవారికి

సికింద్రాబాద్‌లో తర్ఫీదు తీసుకుంటున్న మా ఫుట్‌బాల్ గోల్‌కీపర్ పిల్లల కోసం అడిగిన సాయం, మేం అనుకున్నదానికంటే ముందే అందింది. గ్లౌజులు పంపినవారికి, రెండు ఆదివారాలు ఎండలో నిలబడి నేర్పిన మాజీ సర్వీసెస్ (సైనిక దళాల జట్టు) కీపర్ సార్‌కి, వేళ్లూ భుజాలూ చూసిన ఫిజియో అక్కకి, క్లబ్బులిచ్చే కాంట్రాక్టు కాగితాలు చదివి విడమరిచి చెప్పిన లాయర్ గారికి పేరుపేరునా దండాలు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఇచ్చింది ఎలా వాడుతున్నామో చెప్పడం మాత్రం మా పని.

ముందు గ్లౌజుల సంగతి. వచ్చినవాటిని రెండుగా విడదీశాం. అరచేతి లేటెక్స్ (రబ్బరు పొర) మెత్తగా, జిగటగా ఉన్నవి మ్యాచ్‌కి మాత్రమే. మొరం నేల మీద అలాంటివి వేసుకుని రోజూ డైవ్ చేస్తే వారాల్లో పెచ్చులు లేస్తాయి. కాస్త గట్టి లేటెక్స్ ఉన్నవి, పాతబడినవి ప్రాక్టీసుకి. "వాడినవే, ఏమనుకోకండి" అని మొహమాటంగా చీటీ పెట్టి పంపిన అన్నా, ఎక్కువ పనికొస్తున్నవి అవే.

కొత్త జత వేసుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో ఒకసారి కడిగితే, తయారీలో మిగిలిన పూత పోయి పట్టు వస్తుంది. మ్యాచ్‌కి ముందు అరచేతులు కాస్త తడపాలి, ఎండిన లేటెక్స్ జారుతుంది. ఆట అయ్యాక చేతికి ఉండగానే మెత్తటి సబ్బు నీళ్లతో మట్టి పోయేలా రుద్ది, తర్వాత నొక్కి నీళ్లు తీయాలి. బట్టలు పిండినట్టు మెలిపెడితే కుట్లు పోతాయి. ఆరబెట్టేది నీడలో. ఎండలో పెడితే రెండు గంటల్లో ఆరిపోతాయి నిజమే, నెలలో పగుళ్లు కూడా వస్తాయి. అన్నిటికంటే ఎక్కువ జతలు పాడయ్యేది రెండు అరచేతులూ ఒకదానికొకటి ఆనించి బ్యాగులో పడేయడం వల్ల. రెండూ అతుక్కుపోతాయి, విడదీస్తే పొర ఊడి వస్తుంది.

సైజు కోసం బొటనవేలు వదిలేసి, కణుపుల దగ్గర అరచేతి చుట్టుకొలత అంగుళాల్లో తీసుకున్నాం. దాన్ని పై అంకెకు సవరించి ఒకటి కలిపితే సుమారుగా సైజు వస్తుంది. వేళ్లలో ప్లాస్టిక్ పుల్లలున్న జతలు మాత్రం చిన్నపిల్లలకు ఇవ్వలేదు. వాటికి అలవాటు పడితే వేళ్లు తమంతట తాము బిగుసుకోవడం నేర్చుకోవు, బంతి చుట్టూ సరిగా ముడుచుకోవు కూడా. ఇది మా అభిప్రాయం, కాదనే కోచ్‌లూ ఉన్నారు. ఒక పిల్లాడి గ్లౌజు ఎప్పుడూ అరచేతి అడుగునే అరిగిపోతోంది. కారణం బంతి కాదు. పడ్డాక అరచెయ్యి నేలకు ఆనించి లేస్తున్నాడు. పిడికిలి బిగించి లేవమన్నాక అరగడం తగ్గింది.

ఇక సార్. మొదటి అరగంట ఒక్క షాట్ కూడా కొట్టనివ్వలేదు. నిలబడటమే నేర్పారు. పాదాలు భుజాల వెడల్పున, మడమ కింద కాగితం దూరేంత సందు, చేతులు నడుము ఎత్తులో శరీరానికి ముందు. మన పిల్లల్లో ఎక్కువమంది, అవతలివాడు కాలు ఊపే క్షణంలో చిన్నగా ఎగురుతారు. బంతి బయల్దేరేసరికి వీళ్లు గాల్లో ఉంటారు. నేల ఆనకపోతే ఏ పక్కకీ తోసుకోలేరు, డైవ్ ఆలస్యమవుతుంది. చూసేవాళ్లు "రిఫ్లెక్స్ లేదు" అంటారు. రిఫ్లెక్స్ ఉంది, కాలు నేల మీద లేదు. షాట్‌కి ముందే రెండు కాళ్లూ ఆగాలి, గోల్ లైను నుంచి ఇంకో అడుగు ముందుకు రాలేకపోయినా సరే.

తాళ్ల పాఠం ఇంకా బాగుంది. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. రెండు స్తంభాలకూ చెరో తాడు కట్టి, రెండు కొసలనూ పెనాల్టీ స్పాట్ మీది బంతి దగ్గర కలిపారు. అంటే 11 మీటర్ల దూరం. కీపర్ లైను మీద ఉంటే కాయాల్సింది మొత్తం 7.32. గోల్ ఏరియా (గోల్ ముందున్న చిన్న పెట్టె) గీత దాకా, అంటే 5.5 మీటర్లు ముందుకొస్తే తాళ్ల మధ్య సందు సరిగ్గా సగం, 3.66 మీటర్లు. పన్నెండేళ్ల పిల్లకి కోణం అంటే ఏమిటో నోటితో చెప్పి ఒప్పించలేం. తాళ్ల మధ్య నిలబెడితే రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. ఆ వెంటనే సార్ ఆ పిల్ల తల మీదుగా బంతి మెల్లగా లేపి గోల్లో వేసి, ముందుకు రావడానికి హద్దు ఎక్కడో కూడా చూపించారు.

డైవ్‌లో పక్కకి కాదు, ఏటవాలుగా ముందుకు అడుగు వేయాలి. వెనక్కి వాలుతూ పడితే చేతికి తగిలిన బంతి కూడా గోల్లోకే పోతుంది. నేలకు ముందు తగలాల్సింది పిక్క పక్క, తర్వాత తొడ, తుంటి, భుజం. మోచెయ్యి ముందు తగిలితే బంతీ జారుతుంది, భుజమూ పోతుంది. పట్టుకోలేని బంతిని తోయాల్సింది పక్కకి. ఎదురుగా తోస్తే రెండో షాట్ ఖాయం.

రూల్స్ మారిన సంగతీ సారే గుర్తుచేశారు. 2025–26 సీజన్ నుంచి కీపర్ బంతిని చేతుల్లో 8 సెకన్లకు మించి ఉంచుకుంటే అవతలి జట్టుకు కార్నర్. చివరి 5 సెకన్లు రిఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్కపెడతారు. పాత 6 సెకన్ల రూల్‌కి ఇండైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేనిది) ఉండేది, కానీ ఇచ్చిన రిఫరీలు అరుదు. పెనాల్టీ కొట్టే క్షణంలో కీపర్ ఒక పాదంలో కొంత భాగమైనా గీత మీద గానీ, గీతకు సమానంగా గానీ, వెనక గానీ ఉండాలి.

ఫిజియో అక్క చెప్పింది గోడకి అంటించాం. వేలికి దెబ్బ తగిలితే ఎవరో ఒకరు వచ్చి లాగడం మన గ్రౌండ్లలో ఆచారం. లాగొద్దు. గుడ్డలో చుట్టిన ఐస్ 15 నిమిషాలు, పక్క వేలితో కలిపి టేపు. వేలి కొస వాలిపోయి తనంతట తాను లేవకపోతే అది బెణుకు కాదు, స్నాయువు తెగి ఉండొచ్చు. ఆ రోజే డాక్టర్‌కి చూపించి ఎక్స్‌రే తీయించాలి. అలాంటి వేలికి వేసే బద్ద (స్ప్లింట్) వారాల తరబడి ఉంటుంది, స్నానానికని తీసినా వేలు వంగితే మళ్లీ మొదటికే. తలకు దెబ్బ తగిలి తడబడితే ఆ రోజు ఆట అక్కడితో సరి.

లాయర్ గారి సలహా పెద్దపిల్లల తల్లిదండ్రులకు బాగా ఉపయోగపడింది. ఫార్వర్డ్ చివరి పది నిమిషాలకైనా దిగుతాడు. కీపర్‌కి ఆ వీలు లేదు, జట్టులో ఉన్నది ఒకటే చోటు. అందుకే సంతకానికి ముందు జీతం కంటే ముందు అడగాల్సినవి: ఎంతమంది కీపర్లను తీసుకుంటున్నారు, ప్రత్యేకంగా కీపింగ్ కోచ్ ఉన్నాడా, ఆడించకపోతే లోన్ మీద (కొంతకాలానికి వేరే క్లబ్‌కి) పంపుతారా, గాయమైతే ఆపరేషన్ ఖర్చు, ఆ నెలల జీతం ఎవరిది. నోటిమాట చాలదు, కాగితం మీద ఉండాలి.

ఓపిక ఎంత కావాలని అడిగిన నాన్నలకు లక్ష్మీకాంత్ కట్టిమణి లెక్క చెప్పాం. 2015 డిసెంబర్ 20న గోవాలోని ఫటోర్డాలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్. గోవా 2–1తో ముందుంది. 90వ నిమిషంలో గోవా కీపర్ కట్టిమణి సెల్ఫ్ గోల్, ఆ వెంటనే చెన్నైయిన్ ఇంకో గోల్, కప్పు పోయింది. 2022 మార్చి 20న అదే స్టేడియం, మళ్లీ ఫైనల్, ఈసారి హైదరాబాద్ ఎఫ్‌సీ గోల్ ముందు. 1–1 తర్వాత పెనాల్టీల్లో కేరళ బ్లాస్టర్స్‌వి మూడు ఆపాడు, 3–1తో కప్పు హైదరాబాద్‌ది. అప్పటికి వయసు 32. సికింద్రాబాద్ మైదానాల నుంచే వెళ్లిన పీటర్ తంగరాజ్ అయితే సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలుపెట్టి కీపర్ అయ్యాడు, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు, 1967లో అర్జున అవార్డు అందుకున్నాడు. మా పిల్లల్లో ఇద్దరు ఫార్వర్డ్‌లు ఆ మాట విన్నాక గ్లౌజులు తొడిగి చూశారు. ఒకడు వెంటనే తీసేశాడు, ఇంకొకడు ఇప్పటికీ వేసుకుంటున్నాడు.

ఇంకా తక్కువపడుతున్నవి 5, 6 సైజులు. పాతవైనా పరవాలేదు, అరచెయ్యి చిరగకపోతే చాలు. సార్, మీ తాళ్లు రెండూ గ్రౌండ్ వాచ్‌మన్ దగ్గరే ఉన్నాయి. ముడులు విప్పలేదు, కొలత పోతుందని.