డ్యాష్‌బోర్డు పగిలితే ఫెవిక్విక్ పోయకండి

ఎడిటర్ గారికి నమస్కారం. నల్లగొండ ఎండల్లో బత్తాయి లోడు కోసం పొద్దంతా నిలబెట్టే పాత పికప్‌ల డ్యాష్‌బోర్డులు ముందు అద్దం కింద, స్క్రూల చుట్టూ పగులుతాయి. చాలామంది ఫెవిక్విక్ పోసి వదిలేస్తున్నారు. దయచేసి మొదట డ్యాష్‌బోర్డు వెనక వైపున్న అచ్చు అక్షరాలు చూడండి. 'పీపీ' (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) అని ఉంటే మామూలు జిగురు పట్టదు, అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో హాట్ గన్ (వేడిగాలి) వెల్డింగ్ చేయించాలి. 'ఏబీఎస్' అనే మరో రకం ప్లాస్టిక్ అయితే రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురు బాగా పడుతుంది.

విప్పేముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి. పగులు కొసన 3 మి.మీ. రంధ్రం వేయాలి, లేకుంటే అతికిన తర్వాత కూడా చీలిక ముందుకు పాకుతుంది. అతుకుకు అసలు బలం వెనక నుంచే: సన్నని స్టీలు జాలీని వేడిచేసి ప్లాస్టిక్‌లోకి దిగేలా అదమాలి. పైవైపు 180, తర్వాత 400 నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, ప్లాస్టిక్ ప్రైమరు, ఆపైన మ్యాట్ నలుపు రంగు వేయాలి. మెరిసే రంగు మాత్రం వద్దు, ఎదురెండలో అద్దం మీద దాని ప్రతిబింబం పడి రోడ్డు సరిగ్గా కనపడదు. అంతకుముందు సిలికాన్ పాలిష్ రుద్ది ఉంటే, అది పూర్తిగా పోయేలా తుడవకపోతే రంగు పెచ్చులుగా లేస్తుంది.

బిగించేటప్పుడు స్క్రూలను చేతి బలంతోనే ఆపండి. స్క్రూ పట్టే గూళ్లే విరిగితే హైదరాబాద్ ఆటోనగర్‌లో పాత డ్యాష్‌బోర్డు వెతకడం మేలు. కొనేముందు మీటరు, ఏసీ రంధ్రాలు సరిచూసుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ మూత పగిలితే అతకొద్దు, మార్చాల్సిందే.

– పికప్ మెకానిక్‌లు, నల్లగొండ