ఆ కారవాన్ లెక్కలు ఎవరు కట్టారండీ?

సంపాదకుల వారికి,

నమస్కారం. రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో వచ్చిన కారవాన్ (లోపలే పడకలు, వంటగట్టు ఉన్న ఇల్లులాంటి బండి) యాత్ర వ్యాసం గురించి ఈ ఉత్తరం. తప్పులు దిద్దుతూ మీరే నాలుగు ముక్కలు వేస్తారు కదా, లేదంటే ఇంకెవరైనా రాస్తారు కదా అని ఆగాను. ఎవరూ రాయలేదు, మీరూ వేయలేదు. నిన్న మా వీధిలో ఒకాయన ఆ పేజీ కత్తిరించి దాచుకుని, సంక్రాంతి సెలవులకు పెళ్లాం పిల్లలతో అదే దారిన వెళ్తానని చెబుతుంటే ఇక ఊరుకోలేకపోయాను.

ఆర్టీసీ డిపోలో బండ్ల లెక్కలు చూసి, ప్రభుత్వంలో విలీనం కాకముందే రిటైరైనవాణ్ణి. కిలోమీటరు, లీటరు, బత్తా అనే మాటలు కనిపిస్తే పెన్సిల్ అందుకునే అలవాటు ఇంకా పోలేదు.

మీరిచ్చిన దారి మంచిదే. ఒంగోలు నుంచి శ్రీశైలం, అక్కణ్ణుంచి ఆత్మకూరు, నంద్యాల మీదుగా బెలూం గుహలు, గండికోట, వచ్చేటప్పుడు మైదుకూరు, బద్వేలు, నెల్లూరు. గండికోట దగ్గర పెన్నా లోయ మీద తెల్లవారడం చూడాలని ఎవరికుండదు? కానీ మొదటి రాత్రికే మీరు జనాన్ని ఇరికించారు. ‘రాత్రి భోజనాలు కాగానే బయల్దేరి, పిల్లలు నిద్రలో ఉండగానే నల్లమల దాటేయండి, తెల్లారేసరికి మల్లన్న దర్శనం’ అని రాశారు. దోర్నాల దగ్గర అటవీ శాఖ గేటు రాత్రి తొమ్మిదికి పడుతుంది, పొద్దున ఆరింటికి గానీ లేవదు. హైదరాబాదు వైపు నుంచి వచ్చేవాళ్లకు మన్ననూరు దగ్గరా అంతే. శివరాత్రికి సడలిస్తారు, అది వేరే సంగతి. అది పులుల అభయారణ్యమండీ, మీ వ్యాసకర్తకు తెలియకపోయినా పులులకు తెలుసు. భోజనాలయ్యాక ఒంగోల్లో బయల్దేరినవాళ్లు దోర్నాల చేరేసరికి గేటు ముందు లారీల వెనక నిలబడాల్సిందే. ఇల్లంతా బండిలోనే ఉంది కదా, ఇబ్బందేముంది అంటారేమో!

టోల్ సంగతి ఇంకా బాగుంది. ‘ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకుంటే ఏడాదంతా టోల్ బెంగ లేదు’ అన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఆ పాస్ సొంత వాడకానికి తిప్పే కార్లు, జీపులు, వ్యాన్లకే. అదీ ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. అద్దెకు తిరిగే కారవాన్‌కు పసుపు బోర్డు ఉంటుంది, దానికి ఆ పాస్ ఇవ్వరు. పెద్ద బాడీ బండి అయితే కారు రేటు కూడా వర్తించదు, మినీ బస్సు కింద కట్టాలి. మరి ముసునూరులోనూ టంగుటూరులోనూ మీ పాఠకుడు పత్రిక చూపించి దాటతాడా?

ఇక అద్దె. రోజుకు ఇంత, డీజిల్‌కు ఇంత, కూడితే ఇంత అని మూడు వరుసల్లో తేల్చేశారు. అందులో మీరు కలపనివి చెబుతాను. బండి మన గుమ్మం ముందు పుట్టదు. షెడ్డు విజయవాడలో ఉంటే ఒంగోలుకు ఖాళీగా వస్తుంది, మనల్ని దించి ఖాళీగా పోతుంది. రానూ పోనూ 290 కిలోమీటర్లు. కిలోమీటరుకు 30 రూపాయలు అనుకున్నా 8,700. మనం అడుగు తీసి అడుగు వేయకముందే, బండి ఎక్కకముందే పడే ఖర్చు ఇది. కాజ, బొల్లాపల్లి టోళ్లు రెండేసి సార్లు అదనం. మీటరు షెడ్డు నుంచి షెడ్డుకు తిరుగుతుందని మీ వ్యాసకర్తకు ఎవరూ చెప్పలేదా, లేక చెప్పొద్దన్నారా? చాలామంది రోజుకు కనీసం 250 కిలోమీటర్లకో 300కో బిల్లు వేస్తారు. కొందరు మొత్తం మీద సరాసరి చూస్తారు, కొందరు ఏ రోజు లెక్క ఆ రోజే కడతారు. రెండో రకం దొరికితే గండికోటలో బండి రోజంతా చెట్టుకింద నిలబడినా 250 తిరిగినట్టే, అక్కడికి ఇంకో 7,500. బండి మాట్లాడుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. అంత పెద్ద వ్యాసంలో దీనికి ఒక్క వాక్యం దొరకలేదు.

కిలోమీటరు లెక్కన మాట్లాడుకుంటే సాధారణంగా డీజిల్ బండివాడిది, రోజు అద్దె అయితే మనది. ఏ పద్ధతో రాయకుండానే లీటరుకు 12 కిలోమీటర్లు వస్తుందని ధీమాగా వేశారు. మంచాలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు, ఏసీ మోసుకుంటూ దోర్నాల ఘాట్ ఎక్కే బండికి 12 కేఎంపీఎల్ తెచ్చే డ్రైవరు ఉంటే మా డిపోలో దండ వేసి బహుమతి ఇచ్చేవాళ్లం. ఎనిమిది వస్తే గొప్ప. ఈ దారి దాదాపు 800 కిలోమీటర్లు, అంటే వంద లీటర్లు. లీటరు 97 అనుకుంటే 9,700 అవుతుంది. మీ లెక్కలో ఇందులో మూడో వంతు ఎగిరిపోయింది. పక్కన కర్ణాటకలో డీజిల్ మనకన్నా చవక. వాళ్ల సరిహద్దు బంకుల దగ్గర మన బండ్లు ఎందుకు బారులు తీరతాయో ఆ వ్యాట్ వేసినవాళ్లు ఒకసారి వెళ్లి చూడాలి. అది మీ తప్పు కాదులెండి.

డ్రైవరు బత్తా 500 అని రాశారు, సంతోషం. అతను రాత్రి ఎక్కడ పడుకోవాలి? లోపల నాలుగు పడకలు, నలుగురు కుటుంబ సభ్యులు. బయట దోమలు. పొద్దున్నే ఘాట్ దింపాల్సిన మనిషి సీట్లో కూర్చుని కునుకు తీయాలా? మా దగ్గర నైటవుట్ డ్యూటీకి పంపితే సిబ్బందికి విశ్రాంతి గది చూపించేవాళ్లం. డ్రైవరుకు గది అద్దె కూడా బడ్జెట్‌లో వేసుకోవాలని చెప్పడానికి అంత మొహమాటమెందుకు?

అన్నిటికన్నా ప్రమాదం ఆ చివరి బాక్సు. ‘మీ పాత వ్యాన్‌నే ఇల్లుగా మార్చుకోండి, వడ్రంగి చాలు’ అట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకటుంది. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. మోటారు కారవాన్లకు ఏఐఎస్ 124 అని ప్రత్యేక ప్రమాణమే ఉంది. ఆర్టీఓ అనుమతి లేకుండా సీట్లు పీకి మంచాలు బిగించి, ఇంట్లోని గ్యాస్ బండ లోపల పెట్టుకుని రోడ్డెక్కితే, పట్టుబడితే ఒక బాధ, ప్రమాదం జరిగితే ఇంకో బాధ. అప్పుడు బీమా కంపెనీ ఏ కాగితం అడుగుతుందో మీ వడ్రంగి చెప్తాడా?

ఇవన్నీ సరిచూసుకుని, ఖర్చుకు సిద్ధపడి వెళ్లినవాళ్లున్నారు. మా బావమరిది కొడుకు కుటుంబం అలాగే వెళ్లింది. ఒక పెద్ద పుణ్యక్షేత్రంలో, పేరు రాయను, బండి పెట్టుకోనిచ్చేవాడే లేడు. బస్సుల పార్కింగ్‌కు వెళ్తే ఇది బస్సు కాదన్నారు. కార్ల దగ్గరికి వెళ్తే ఇది కారు కాదన్నారు. సత్రం వాళ్లు గది తీసుకుంటేనే గేటు తీస్తామన్నారు. గది తీసుకునేటట్టయితే ఈ బండి దేనికి? కరెంటు ప్లగ్గు ఇవ్వండి, డబ్బు కడతామంటే అలాంటి రసీదు పుస్తకం తమ దగ్గర లేదన్నారు. రాత్రంతా ఏసీ నడిస్తే పది యూనిట్లు కాలతాయేమో, కమర్షియల్ రేటు వేసినా వందో నూటపాతికో. ఆ వంద తీసుకునే దారి లేక ఏసీ కట్టేసి, దుమ్ములో కిటికీలు తీసుకుని పడుకున్నారు.

బండిలో మరుగుదొడ్డి ట్యాంకు నిండితే? ఎక్కడ ఖాళీ చేయాలో చెప్పేవాళ్లు లేరు. చీకట్లో ఏ కాలువ గట్టునో వాల్వు తిప్పేసే బండ్లున్నాయని ఆ డ్రైవరే చెప్పాడట. కింద ఊళ్లవాళ్లు ఆ నీళ్లు తాగుతారు. మనిషి చేత ఆ మురుగు ఎత్తించడం 2013 చట్టం ప్రకారం నేరం, పారబోయడానికి చోటు చూపించకపోవడం మాత్రం ఎవరి నేరమూ కాదు.

కేరళ 2021లో కారవాన్ విధానం ప్రకటించి, ఏడాది తిరక్కముందే వాగమన్‌లో పార్కు తెరిపించింది. బండి ఆపుకోవడానికి చోటు, నీళ్లు, కరెంటు. మన దగ్గర 2024-29 పర్యాటక విధానంలో పరిశ్రమ హోదా అన్నారు, బాగుంది. హోదా వచ్చింది గానీ హైవే మీద ఆడవాళ్లు దిగడానికి శుభ్రమైన మరుగుదొడ్డి రాలేదు. పెట్రోలు బంకు వెనక తాళం వేసిన గదికి తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కునేసరికి పిల్లలు ఏడుపు లంకించుకుంటారు. కారవాన్ల ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించిన పెద్దలు ఒక్క రాత్రి, ఎస్కార్టు లేకుండా, ఆ బండిలో పడుకుని చూస్తే సగం జీవోలు వాటంతటవే సవరణ అవుతాయి.

కోట్లు పెట్టి కొత్త పార్కులు కట్టమని నేను అడగడం లేదు. మార్కాపురం, ఆత్మకూరు, నంద్యాల, జమ్మలమడుగు, ఈ దారి పొడుగునా ఆర్టీసీ డిపోలున్నాయి. ప్రహరీ ఉంది, కాపలా ఉంది, కుళాయి ఉంది, బండి కడిగే ర్యాంపు ఉంది, రాత్రంతా దీపాలుంటాయి, సిబ్బంది గదులున్నాయి. ఒక మూల రెండు బండ్లకు చోటు గీసి, ప్లగ్గు పాయింటు పెట్టి, మురుగు దింపడానికి సెప్టిక్ ట్యాంకుకు ఒక మూత బిగించి, రాత్రికి ఇంత అని రసీదు ఇస్తే సంస్థకు నాలుగు డబ్బులు వస్తాయి. పర్యాటక శాఖ, ఆర్టీసీ కలిసి ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలే పని. ఫైలు ఎవరి బల్ల మీద మొదలవ్వాలన్నది తేలడానికే రెండేళ్లు పడుతుందని నాకూ తెలుసు, నేనూ ఆ బల్లల మధ్య పనిచేసినవాణ్ణే.

మీ సంగతికొస్తే, బండ్ల యజమానులు ఇచ్చిన కరపత్రాన్ని వ్యాసమని అచ్చువేయడం ఈమధ్య అన్ని పత్రికలకూ అలవాటైంది. ప్రకటన అయితే ప్రకటన అని పైన రాయండి, డబ్బులు తీసుకోండి, ఎవరూ కాదనరు. ముందు మాత్రం దోర్నాల గేటు వేళలు, పాస్ సంగతి, షెడ్డు కిలోమీటర్లు, 52వ సెక్షన్, ఈ నాలుగూ సంక్రాంతి సెలవులకు ముందే వేయండి. సవరణ అంటూ లోపలి పేజీలో అంగుళం ముక్క కాదు, ఆ వ్యాసానికి ఫొటో వేసినంత సైజులో.

ఇట్లు,
ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగి,
ఒంగోలు